కనపడని మందు కోసం బంగారుపాళ్యం దాకా

తమ్ముడు మునిరత్నం రాసిన పదిహేను పైసల కార్డుతో ఈ ప్రయాణం మొదలైంది. "అక్కా, నువ్వు పంపిన మందు మోసం. కొట్టి పన్నెండు దినాలైనా ఆకుమచ్చ పోలేదు. రెండో పొట్లం విప్పను. వాపసు తీసుకోమని అంగడాయన్ని అడుగు" అని రాశాడు. బంగారుపాళ్యం దగ్గర వాడికి మూడెకరాల వేరుశనగ ఉంది. ఆకు రాలిపోతే కాయ ఊరదు. రెండోసారి కొట్టడానికి ఇక రెండు మూడు రోజులే గడువు. కార్బెండజిమ్ అనే ఆ తెగులు మందు పొడిని తిరుపతిలో కొని పంపింది నేనే. బిల్లు అడగకపోవడం నా తప్పు.

సాయంత్రమే అంగడికి వెళ్లాను. "ఇది పైన అంటుకునే మందు కాదమ్మా. ఆకు తాగేస్తాది, చెట్టు లోపల తిరగతా ఉంటాది. పైన యాడ కనపడతాది?" అన్నాడు అంగడాయన.

"కనపడని సరుకు అమ్ముకోవడం మంచి వ్యాపారమే" అన్నాను.

ఆయన నవ్వి, అడక్కుండానే బిల్లు రాసిచ్చాడు. సరుకు కొన్న మూడు వారాల తర్వాత అడక్కుండా బిల్లు ఇచ్చేవాణ్ణి ఎలా నమ్మడం? చేను నా కళ్లతోనే చూడాలనుకున్నాను.

మర్నాడు ఉదయం ఆరు గంటల బస్సెక్కాను. చిత్తూరుకు టికెట్టు ఏడు రూపాయలు. చంద్రగిరి దాటేదాకా నిలబడే ఉన్నాను. ఎనిమిదింపావుకు చిత్తూరులో దిగి, బస్టాండు బయట ఒకామె వేస్తున్న ఇడ్లీలు తిన్నాను. మూడు ఇడ్లీలు, పైన గట్టి చెనిక్కాయ చట్నీ, అదీ వేరుశనగే.

"ఈ కాయలు యాడివి?" అని అడిగాను.

"చేలో కాసినవేలే అక్కా, ఆకాశంలో కాసినవి కావు."

"మందు కొట్టినవేనా?"

"మందు కొట్టంది ఈ కాలంలో ఏముండాది? తిను, చల్లారిపోతాది."

చట్నీ సగం వదిలేశాను. తొమ్మిదింటికి పలమనేరు బస్సు దొరికింది. రెండున్నర రూపాయలు, గంట ప్రయాణం. బంగారుపాళ్యంలో దిగి మామిడి తోటల మధ్య అరగంట నడిస్తే తమ్ముడి చేను.

మునిరత్నం నన్ను చూస్తూనే ఒక మొక్క వంచి చూపించాడు. అడుగు ఆకుల నిండా నల్లటి మచ్చలు. "సూడక్కా, ఇదేనా నీ గొప్ప మందు?"

నాకు వాడిమీదా అనుమానమే. "కొలత ప్రకారం కొట్టినావా, పొట్లం మిగిల్చినావా?"

"పొట్లంతో నువ్వు పంపిన చీటీలో రాసినట్టే కొట్టినాను. చిటికెడు కూడా తగ్గలా."

అప్పుడు గట్టు వెంబడి రెండు సాళ్లు కంటపడ్డాయి. మొక్కలకు కొసన నాలుగు ఆకులు తప్ప అంతా పుల్లలే.

"అదేందిరా?"

"గంగమ్మ సాళ్లు. అమ్మకు పెట్టే కాయకు విషం తగలకూడదని నాయన కాలం నుంచీ ఆడ ఏ మందూ కొట్టం."

ఆ సాళ్లలోంచి అయిదు మొక్కలు, మందు కొట్టిన చోటునుంచి అయిదు పీకి గట్టుమీద పక్కపక్కన పరిచాను. గంగమ్మ మొక్కల్లో మిగిలిన లేత ఆకులకూ మచ్చలున్నాయి. మందు కొట్టిన మొక్కల్లో పాత ఆకులకే మచ్చలు. తర్వాత వేసిన ఆకులు కడిగినట్టున్నాయి.

"కాలిన చీర ఉతికితే చిల్లు పూడుతుందా? కొత్తగా కాలకుండా ఆపిందా లేదా అదే చూడాల" అన్నాను.

వాడు చాలాసేపు ఆకులు తిరగేసి, "ఊరంతా తిరిగి ఆయన్ని తిట్టినానే అక్కా" అన్నాడు.

"ఇప్పుడు ఊరంతా తిరిగి పొగుడు."

మందు కొట్టే పంపులో నీళ్లు పోసి వాడు పొట్లం చేతికి తీసుకున్నాడు. నీళ్లు మోసుకొచ్చిన తమ్ముడి భార్య రేణుక అంది: "వదినా, ఆకు తాగిన మందు కాయలోకి దిగదా? అమ్మోరికి వద్దన్న కాయ బిడ్డలకు పెడతామే."

పొట్లం విప్పబోతున్న వాడి చెయ్యి ఆగింది. పొట్లం మీది సన్నక్షరాలు నేను చదివాను. కాయ పీకడానికి ఎన్ని రోజుల ముందు ఆపాలో ఉంది. మాకు అంతకంటే ఎక్కువ వ్యవధే ఉంది. అది విన్నా రేణుక తల ఊపలేదు. "గంగమ్మ పక్కన ఇంకో పది సాళ్లు ఈసారన్నా ఇడిసిపెట్టు, బిడ్డలకు అవి చాలు" అంది. అక్కడ కాయ తగ్గుతుందని తెలిసీ తమ్ముడు ఒప్పుకున్నాడు. పది సాళ్లు వదిలి, మిగతా చేనంతా మందు కొట్టాడు.

సాయంత్రం బస్సులో తిరిగి వస్తుంటే, అంగడాయన మీది అనుమానం తీరింది కానీ మనసు తేలిక కాలేదు. మూడెకరాల పంట అంగళ్లకూ నూనె మిల్లుకూ పోతుంది. పిల్లలకు పది సాళ్లు, అమ్మవారికి రెండు. మిగతాది చిత్తూరు బస్టాండులో నాలాంటి వాళ్ల ఇడ్లీల మీది చట్నీలోకే కదా. మీరూ ఇలా తెలిసినవాళ్ల చేను చూడ్డానికి వెళితే, మందు కొట్టని సాళ్లు ఎక్కడున్నాయో ముందే అడగండి. మందు పనిచేసిందో లేదో అక్కడే తెలుస్తుంది. ఇంటికి కాయలు తెచ్చుకోవాలన్నా అక్కడివే అడగండి.