చిత్రిక బొమ్మ

పక్కింట్లో తలుపులు చేస్తున్నారు. చెక్కపొట్టు వాసనకి అమలాపురంలో చిన్నప్పటి మా పెరడు గుర్తొచ్చింది.

లెక్కల మాస్టారైన నాన్న, నాకు పీట చేస్తానని మామిడి చెక్క ముందేసుకు కూర్చున్నారు.

"ఏం చేస్తున్నారు నాన్నా?"

"చిత్రిక పడుతున్నానమ్మా."

చెక్కని నున్నగా చెయ్యడాన్ని అలా అంటారని నాకేం తెలుసు? చిత్రం గీస్తున్నారనుకుని, బొమ్మల పీట చూద్దురుగాని రండని వీధి పిల్లలందర్నీ పిలిచేశాను.

"బొమ్మేదే?" అంది ఎదురింటి సుజాత. నాకు ఏడుపొచ్చేసింది.

నాన్న నా మొహం చూసి, చెక్కలోని వంకర గీతల మీద వేలు పెట్టారు. "ఇదిగోనమ్మా గోదారి. మధ్యలో ఈ ముడి లంక."

సుజాతకి లంకలో కొబ్బరిచెట్లు కూడా కనిపించాయి.

లెక్కల మాస్టారి పీట కదా, నాలుగు కాళ్లూ నాలుగు కొలతలు. ఇప్పుడు నా దగ్గరే ఉంది. కూర్చుంటే ఊగుతుంది. కింద అట్టముక్క పెడదామంటారు మా ఆయన.

గోదారి మీద కూర్చున్నాక ఊగదా ఏంటండీ?