యాదయ్య కాక మేకల ఫోల్డర్

నిన్న పొద్దున అమ్రాబాద్ నుంచి ఫోన్. యాదయ్య కాక లేడట.

"నిద్రలనే పోయిండు అక్కా," అన్నాడు కొడుకు శీను.

నమ్మలేదు నేను. మొన్న ఆదివారమే కదా, వీడియో కాల్‌లో "బక్కగైనవ్" అని నన్ను తిట్టాడు!

మీలో చాలామందికి కాక తెలియదు. అడవి పక్షుల కూతలు రికార్డు చేసే మా ప్రాజెక్టులో, చెట్లకు కట్టిన మెషిన్లకు బ్యాటరీలు మార్చే మనిషి. అడవి అంచున మేకలు కాసుకుంటూనే ఆ పని చేసేవాడు.

రెండేళ్ల కింద మా ప్రాజెక్టు మూతపడబోయింది.

నెలల కొద్దీ రికార్డింగులు. వాటిలోంచి పిట్టల కూతలు ఏరే సాఫ్ట్‌వేర్‌ది నత్తనడక. ఒక్కరోజు రికార్డింగ్‌కి రెండు రోజులు. నెలాఖరుకి పూర్తికాకపోతే మెషిన్లన్నీ విప్పేస్తామన్నారు పైవాళ్లు.

కంప్యూటర్‌లో మెమరీ పెంచాం. కొత్త హార్డ్‌డిస్క్ కొన్నాం. పెద్ద ఫైళ్లను ముక్కలు చేశాం. ఊహూఁ.

కొబ్బరికాయ కూడా కొట్టాను. నవ్వకండి.

ఆ వారమే బ్యాటరీల కోసం మహబూబ్‌నగర్ ఆఫీసుకొచ్చాడు కాక. "ఏమైంది బిడ్డా, గట్లున్నవ్?" అన్నాడు. చెప్పలేక హెడ్‌ఫోన్స్ తీసి ఆయన చెవులకు పెట్టాను.

కాసేపు విన్నాడు. మొహం వెలిగిపోయింది.

"గిది పిట్ట గాదు బిడ్డా! మా నల్లమేక గంట!"

సంగతేంటంటే, మెషిన్లు ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని కాక రోజూ మందను తోలుకొచ్చి వాటి కిందే పడుకోబెట్టేవాడు. కాపలా అన్నమాట! సాఫ్ట్‌వేర్ ఏమో ప్రతి గంట మోతకీ పిట్ట అనుకుని ఆగేది. ఏ పిట్టో తేలక తిప్పలు పడేది, పాపం.

ఆఫీసంతా పడీపడీ నవ్వాం. కాక అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఉపాయమూ ఆయనదే. "పదింటికి తోల్కొస్త, రెండింటికి తోల్కపోత. గా నడుమది తీసి పక్కకు పెట్టు."

పెట్టాం. నెలాఖరుకి రెండు రోజుల ముందే పని అయిపోయింది.

ఆ రోజు నుంచి పదింటికి మెషిన్ ముందు నిలబడి హాజరు వేయించుకునేవాడు. "యాదయ్య వచ్చిన. తిన్నవా బిడ్డా?"

నేను ఆఫీసులో అప్పటికప్పుడే వింటానని ఆయన నమ్మకం. కాదు కాకా, అని నాలుగుసార్లు చెప్పాను.

"ఇప్పుడు గాకున్నా ఎప్పుడన్న వింటవ్ గద," అన్నాడు.

వినలేదు. ఆ నాలుగు గంటలూ 'మేకలు' అనే ఫోల్డర్‌లోకి పోయేవి. దాన్ని ఎవరమూ తెరవలేదు.

నిన్న తెరిచాను.

ఎంతసేపు తిరిగిందో కంప్యూటర్‌లో ఆ చక్రం! మొదటిసారి నేను తొందరపెట్టలేదు.

ముందు మేకల మెడగంటలు. తర్వాత కర్ర చప్పుడు. తర్వాత ఆయన.

"తిన్నవా బిడ్డా?"

నిన్న పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఏడుస్తూ, నవ్వుతూ లేచి పళ్లెం పెట్టుకున్నాను.

తిన్న కాకా. మెషిన్ల ఫికర్ పెట్టుకోకు, మేం చూసుకుంటం.

నువ్వు జర చల్లగ పండుకో.