మొన విరిగిన రాతి నత్తగుల్ల

నా చిన్నప్పుడు పుంగనూరులో మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు వాకిట్లో కాళ్లు కడుక్కుని, ఎవరూ అడక్కముందే “బాగుండాది” అనాలి. ఇంకో మాట నోట వస్తే రోగం ముదురుతుందని మా అవ్వ భయం. అమ్మ మదనపల్లెలో క్షయ ఆసుపత్రిలో ఉంది. పిల్లల్ని లోపలికి రానిచ్చేవారు కాదు. వారం వారం నాన్న వెళ్లొచ్చి “బాగుండాది” అంటే నాకు ఒళ్లు మండేది. బాగుంటే ఇంటికెందుకు తీసుకురారు?

అమ్మ తమ్ముడు, మా చిన్న మామ, మద్రాసులో రాళ్ల చదువు చదివేవాడు. అక్కను చూడటానికని రైల్లో కుప్పం దాకా వచ్చి, అక్కడ బస్సు పట్టుకుని మా ఇంటికి చేరాడు. సంచిలోంచి ఒక నత్తగుల్ల తీసి నా చేతిలో పెట్టాడు. అరియలూరు దగ్గర సున్నపురాయి గనిలో దొరికిందట. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట. నత్త చచ్చిపోయాక గుల్ల మట్టిలో కూరుకుని రాయైపోయింది.

“కండ్లు లేనోళ్లకు చెప్పినట్టు చెప్పు పాపా,” అన్నాడు.

చెప్పాను. బొటనవేలంత పొడవు, బెల్లం రంగు. పైనుంచి కిందికి చుట్లు, ఒకదానికంటే ఒకటి లావు. చుట్టుకూ చుట్టుకూ మధ్య సన్నటి గాడి. చుట్ల మీద నిలువుగా చిన్న చిన్న గట్లు, తడిమితే గరుకు. నోరు కోడిగుడ్డు ఆకారం, దాని నిండా గట్టిపడిన మట్టి. పైన సూదిలాంటి మొన.

“మొన యాడుండాది? సరిగా సూడు.”

చూస్తే విరిగిపోయి ఉంది.

“ఉంటే బాగుంటాదని ఉండాదంటే ఎట్ల? విరిగింటే విరిగిందనే చెప్పల్ల.”

మర్నాడు మామ మదనపల్లె వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని, అవ్వ వైపు చూసి “బాగుండాది” అన్నాడు. ఈయన కూడానా అని నాకు ఏడుపొచ్చింది. చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లాను.

“గుల్లను చెప్పినట్టు మా అమ్మను చెప్పు మామా.”

ఆయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. బాగా చిక్కిపోయింది. మెడ కింద ఎముకలు తేలాయి. జుట్టు మెడదాకా కత్తిరించారు. గోడకు ఆనుకోకుండా కూర్చోలేకపోతోంది. నా పేరెత్తితే నవ్వుతుంది, నవ్వితే దగ్గొస్తుంది.

“ఇంటికొస్తాదా?”

“అది నాకు కనపళ్లేదమ్మా. తెలీదు.”

గట్టిగా ఏడ్చాను. కానీ అన్నాళ్లూ పడ్డ భయం వేరు, ఆ ఏడుపు వేరు. అమ్మ ఇంటికి రాలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఆసుపత్రిలో ఉన్నా, పిల్లలు అడిగితే చూసింది చూసినట్టు చెబుతాను. కోడలికి నామీద కోపమే, ఉండనీ. ఆ చివరి రోజుల్లో అమ్మను నేను చూడలేదు. అయినా కళ్లు మూసుకుంటే, గోడకు ఆనుకుని, పొట్టి జుట్టుతో నన్ను చూసి నవ్వుతూనే ఉంటుంది.