నా లంగాకు రెండు జేబులు

మా అమ్మ నా లంగాకు రెండు జేబులు కుట్టింది. కుడిది కల్దారుకు, ఎడమది హాలీకి. మేము మారేడ్‌పల్లిలో ఉండే రోజుల్లో లష్కరు బజార్లన్నిటా ఈ రెండు రూపాయలూ నడిచేవి. కల్దారు ఇంగ్లీషువాళ్ళది, హాలీ నిజాముది. కల్దారుకు విలువ కాస్త ఎక్కువ. రెండూ కలిపి పట్టుకున్న పిల్లను ఎవరైనా ఇట్టే ముంచుతారు. నాన్న పోయాక అమ్మ దండులో దొరల ఇళ్ళకు బట్టలు కుట్టి కల్దార్లు, బస్తీకి కుట్టి హాలీలు తెచ్చేది. బజారు పని మాత్రం నాది.

మా పెద్దనాన్నకు ఆ జేబులు కంట్లో నలుసు.

"ఆడపిల్ల లంగకు జేబులేంది? చేతికి పైసలొస్తే ఎవలి మాటింటది?"

అమ్మ కుట్టు మీది నుంచి తల ఎత్తేది కాదు. "ఇనకుంటే ఇనకపాయె బావా, మోసపోకుంటే చాలు."

ఒకసారి మోసపోయాను కూడా. ఉప్పు కొట్టాయన కల్దారు తీసుకుని హాలీ లెక్కన చిల్లర ఇచ్చాడు. అమ్మ తిట్టలేదు, మళ్ళీ అదే కొట్టుకు పంపింది. బజారంతా వినేట్టు అరిచి మరీ తెచ్చుకున్నాను. ఆ గొంతు నాకు ఇప్పటికీ పోలేదు, పోనివ్వను కూడా.

పోలీసు చర్య అయిన కొద్ది రోజులకే పెద్దనాన్న రొప్పుతూ వచ్చాడు. నిజాం ఓడిపోయాడు కాబట్టి ఇక హాలీ చెల్లదట. ఒక సేటు సగం ధరకు కొంటున్నాడట. తనవి అప్పటికే అమ్మేసి, అమ్మ నా బడి ఫీజుకని డబ్బాలో దాచిన హాలీలకు చెయ్యి చాపాడు. సగానికి అమ్మితే నా చదువు ఆ ఏడే ఆగిపోతుంది. అమ్మ కూడా భయపడి నా వైపు చూసింది.

నేను డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాను.

"పొద్దుగాల్నే హాలీ ఇచ్చి దీపంలకు గ్యాసు నూనె తెచ్చిన. ఉప్పాయన సుత తీసుకుండు. సర్కారు మారితే మారనీ, బజార్ల హాలీ నడుస్తనే ఉంది. నేనియ్య."

"పోరికేం తెలుసు!"

"బజారుకు పోయేది నేను. నువ్వు పోయినవా?"

పెద్దనాన్న అమ్మ వైపు తిరిగాడు. అమ్మ మళ్ళీ సూది పట్టుకుంది. "దాన్నే అడుగు బావా, బజారు దానిది."

మర్నాడు బడి గుమాస్తా ముందు ఎడమ జేబు ఖాళీ చేశాను. ఆయన హాలీలన్నీ ఎంచి గల్లాలో వేసుకుని, నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"పెద్దోళ్ళెవరూ రాలేదా?"

"పైసలొచ్చినయ్ గద సార్" అన్నాను.