మా శ్రీదుర్గ మళ్ళీ చెప్పమంది

మా మనవరాలు శ్రీదుర్గ విమానం నడపడం నేర్చుకుంటోంది. ఈ మాట మా ఊరు రాజోలు ఫోన్ చేసి చెబితే అక్కడివాళ్ళంతా ఆకాశం వంక చూస్తారు. చూడక్కర్లేదు. అది ఇంకా నేల మీదే ఉంది. పగలంతా కార్లు అద్దెకిచ్చే కొట్లో కౌంటర్ దగ్గర నిలబడుతుంది. సాయంత్రం ట్రైనింగ్ సెంటర్‌కి వెళ్ళి ఒక డబ్బాలాంటి గదిలో కూర్చుంటుంది. ఇంటికొచ్చేసరికి దాని మొహం పిండేసిన గుడ్డలా ఉంటుంది. చెప్పులు విప్పడానికి కూడా వంగదు, కాలితో కాలు తోసి విప్పుతుంది.

ఆ డబ్బాని సిమ్యులేటర్ అంటారు. లోపల సీటు, బోలెడు మీటలు, ఎదురుగా అద్దం నిండా బొమ్మ ఆకాశం. ఆకాశం బొమ్మదే గానీ చెవిలో మాట్లాడేది మాత్రం నిజం మనిషి. కంట్రోలర్ అంటారు. ఏళ్ళ తరబడి నిజం విమానాలకి దారి చెప్పి రిటైరైనవాళ్ళు, ఎక్కడో వేరే దేశంలో కూర్చుని, కిందికి దిగు, ఎడమకి తిరుగు, అక్కడ ఆగు అని చెబుతారు. అదే లైన్లో వేరే ఊళ్ళలో ఇలాంటి డబ్బాల్లో కూర్చున్న పిల్లలూ ఉంటారు. ఒకరి మాట అందరికీ వినబడుతుంది. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరెత్తకూడదు, ఎత్తితే కీచుమని మోత. ఆ రూలు మనింట్లో కూడా పెడితే బాగుండునని మా కోడలు లక్ష్మిప్రసన్న అంటుంది. ఎవర్ని ఉద్దేశించి అంటుందో నాకు తెలుసు.

మేముండేది అరబ్బుల దేశంలో, రిఫా అనే ఊళ్ళో. నా కొడుకు సాయిబాబు సిత్రాలో నూనె ట్యాంకుల దగ్గర ఫిట్టరు. ట్యాంకులు ఆపి రాత్రింబగళ్ళు బాగుచేసే షట్‌డౌన్ పని మొదలైతే వాడు మనిషి కాదు, ఇంటికి వచ్చి వెళ్ళే బాయిలర్ సూటు. కోడలు ఒక బడిలో ఆయా. నేను బుదైయాలో ఒక విల్లాలో పనిచేస్తాను. మోకాళ్ళు అరిగిపోయినా వదల్లేదు, ఎందుకంటే నా వీసా ఆ మేడమ్ మీదే ఉంది.

మేడమ్ మంచిదే. కానీ మాట గబగబా. అరబ్బీ, మధ్యలో ఇంగ్లీషు, చెవి దగ్గర ఎప్పుడూ ఫోను. సగం మాట నాకు, సగం ఫోనుకి. ఏది ఎవరిదో దేవుడికి తెలియాలి. అందుకని ఆవిడ ఏం చెప్పినా నేను ముందు "జేన్ మేడమ్" అంటాను. జేన్ అంటే సరే, బాగుంది అని. అర్థమైతే సంతోషం. కాకపోతే వంటింట్లోకి పోయి ఆలోచించుకుంటాను. ఒకసారి వాళ్ళ పెదనాన్న పోయారు. పలకరించడానికి వచ్చేవాళ్ళకి చక్కెర లేని చేదు కాఫీ మాత్రమే ఇమ్మని చెప్పిందట. నాకు "మనుషులు వస్తారు" అన్నంతవరకే అందింది. జేన్ అన్నాను. కుంకుమపువ్వు వేసి హల్వా చేసి, పళ్ళెం నిండా పట్టుకెళ్ళి ఏడ్చేవాళ్ళ మధ్యలో పెట్టాను. ఒక ముసలావిడ తిన్నది కూడా. మేడమ్ చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. అయినా పని పోలేదు. మాటమాటకీ మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అనుంటే ఎప్పుడో పోయేది. పని చేసేవాడికి చెవులు లేకపోయినా ఫరవాలేదు, తల ఊపడం రావాలి. మా గోదావరి వాళ్ళకి "ఆయ్" అనడం ఎలాగూ పాలతోనే వచ్చింది. ఇందులో తప్పేమీ నాకు కనబడదు. అలాగే బతికాం.

శ్రీదుర్గ ఆ వంటింట్లోనే, గట్టు పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటూ పెరిగింది. తల్లి బడికి, తండ్రి సిత్రాకి పోతే దాన్ని నా వెంట తీసుకెళ్ళేదాన్ని. నేను తల ఊపితే అదీ ఊపేది. మేడమ్ ముచ్చటపడి ఖర్జూరం చేతిలో పెట్టేది. కారు కొట్లో మేనేజరు కూడా దీన్ని మెచ్చుకుంటాడు, ఎదురు ప్రశ్న వెయ్యదని.

విమానాల కంపెనీ ఒకటి పరీక్ష పెట్టి కొద్దిమందిని ఏరుకుని నేర్పిస్తోంది. ఆ కొద్దిమందిలో ఇది పడింది. మధ్యలో తీసేస్తే మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు. అప్పుడిక ఆ కార్ల కౌంటరే గతి.

మొన్న ఒక సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పకుండానే గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఏంటే, అన్నం పెట్టనా?" అన్నాను.

"మామ్మా, నేను విమానాన్ని గుద్దేశాను."

"ఏ విమానాన్ని?"

"ఇంకో అబ్బాయి నడిపేదాన్ని. లైన్లో ఉన్న అబ్బాయి."

"బొమ్మ విమానమే కదే. ఎవరికన్నా తగిలిందా? ఓ సారీ పారెయ్. చెయ్యి కడుక్కో."

అది ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా లేదు. నెమ్మదిగా చెప్పింది. కిందికి దిగుతుంటే కంట్రోలర్ ఏదో అన్నాడు. ఎంత ఎత్తులో ఆగాలో చెప్పాడు. దీనికి దిగు అన్నంతవరకే అందింది. చెప్పిన మాటని మళ్ళీ ఆయనకే అప్పజెప్పాలట, అది పద్ధతి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడగాలి. ఇది రెండూ చెయ్యలేదు. "రోజర్" అంది. అంటే విన్నాను అని. ఆయన అప్పటికే ఇంకో విమానంతో మాటల్లో పడి పట్టించుకోలేదు. ఇది దిగుతూ దిగుతూ పోయింది. కింద ఆ అబ్బాయి ఉన్నాడు.

నేర్పే ఆయన కెప్టెన్ హాతిమ్, తెర ఆపేసి, లైటు వేసి, "నీతోపాటు ఎంతమంది ఉన్నారు విమానంలో?" అని అడిగాడట. అంతే. అరవలేదు. ఇది మొదటిసారి కాదని కూడా చెప్పాడు. వచ్చే వారం ఇంకొక్కసారి కూర్చోబెడతాను, వినకుండా సరే అన్నావంటే ఖలాస్, ఇంటికెళ్ళిపో అన్నాడు.

"మరి మళ్ళీ చెప్పమని అడగడానికి నీకేం రోగం?" అన్నాను.

"అందరూ వింటారు మామ్మా. ఆయన పెద్దాయన. విసుక్కుంటాడు. మిగతావాళ్ళందరికీ అర్థమై నాకొక్కదానికే కాలేదని తెలిసిపోతుంది. నోటిదాకా వస్తుంది. వచ్చేలోపే సరే అనేస్తాను."

కోడలు గిన్నెలు తోముతూ వెనక్కి తిరగకుండా అంది, "ఆ విద్య ఎక్కడ నేర్చుకుందో మరి."

"నీ మొగుడి దగ్గర," అన్నాను. "వాడు ఫోర్‌మాన్ ఏమన్నా ఆయ్ అంటాడు."

సాయిబాబు సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పాపం, వాడి తరఫున వాదించేవాడు లేడు.

తర్వాత రోజు అది నా దగ్గరికొచ్చి, "మామ్మా, నువ్వు నాకు కంట్రోలర్‌గా ఉండు," అంది.

"నాకు ఇంగ్లీషు రాదు కదే."

"ఇంగ్లీషు అక్కర్లేదు. పనులు చెప్పు. నువ్వు మామూలుగా చెప్పినట్టే. అటు తిరిగి, ఫ్యాన్ మోతలో, గొణుగుతూ."

"నేను గొణుగుతానా?"

"గొణుగుతావు."

సరే గొణిగాను. పొయ్యి మీద పొగ లాగే ఫ్యాను పెట్టి, పిల్ల వైపు వీపు తిప్పి, పై అరలో మెంతుల డబ్బా పక్కన ఉన్న చిన్న డబ్బాలోది సగం పప్పులో వేసి మిగతాది మూత పెట్టు అన్నాను. "సరే మామ్మా," అంది. వెంటనే తల కొట్టుకుంది. అనేసింది కదా. పప్పులో పడింది టీ పొడి. ఆ రాత్రి అందరం పెరుగన్నం తిన్నాం.

అలా రోజూ. అది పనినించి రావడం, నేను బుదైయా నుంచి కాళ్ళీడ్చుకుంటూ రావడం, ఇద్దరం వంటింట్లో ఈ నాటకం. బట్టలు ఇస్త్రీ చేసే బల్ల మీద దాని కంప్యూటరు, విమానం నడిపినట్టు ఆడించే కర్ర బిగించి ఉంటాయి కాబట్టి ఇస్త్రీ నేల మీదే. నడుము విరిగిపోయేది. అప్పజెప్పడం బాగానే వచ్చింది దానికి. విన్నది విన్నట్టు చిలకలా చెప్పేది. మళ్ళీ చెప్పమని అడగడమే రాలేదు. అడగాల్సినచోట సరే అనేసి నాలిక్కరుచుకునేది. నేను ఆటగా అంటున్నానని తెలిసినా రాలేదు.

ఒక రోజు ఆటగా అనలేదు. ఆ పొద్దున మేడమ్ ఇంట్లో తివాచీలన్నీ దులిపాను. చేతులు పైకి లేవట్లేదు. ఇంటికొచ్చేసరికి ఏసీ కింద పెట్టిన బకెట్టు నిండి గదంతా నీళ్ళు. తుడుస్తూ, పళ్ళు బిగించుకుని, దుర్గతో ఏదో చెప్పాను. ఏం చెప్పానో నాకే గుర్తులేదు. గుడ్డ తెమ్మన్నానో, బకెట్టు పారబొయ్యమన్నానో.

"మళ్ళీ చెప్పు మామ్మా," అంది.

నాకు ఒళ్ళు మండింది. "చెవుల్లో సీసం పోశారటే నీకు? ఒకసారి చెబితే వినబడదా? ముసలిదాన్ని, నేను నీళ్ళల్లో పొర్లుతుంటే నాతో ఆటలా?" అని తడిగుడ్డ విసిరాను. పోయి దాని భుజానికి తగిలింది.

అది కదల్లేదు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. "నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు మామ్మా," అంది.

చెప్పాను. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా. అది అప్పజెప్పింది. తర్వాత వచ్చి నాతోపాటు నీళ్ళు తుడిచింది.

పరీక్ష రోజు సాయిబాబు డ్యూటీ నుంచి నేరుగా కారు తెచ్చి, బుదైయాలో నన్ను ఎక్కించుకుని సెంటర్‌కి పోనిచ్చాడు. దుర్గ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. అద్దాల గదిలో మమ్మల్ని కూర్చోబెట్టారు. గోడకి ఒక స్పీకరు. అందులోంచి లైన్లో మాటలన్నీ వినబడుతున్నాయి. కెప్టెన్ హాతిమ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సాయిబాబు ఒంటి మీద నూనె వాసన. వాడు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు, కుర్చీ మాసిపోతుందని.

"అదేనా రా గొంతు?" అన్నాను.

"ఆయ్, అదేనే. ఉండు, విననీ."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక మగ గొంతు, ఎవడో పిల్లాడు. ఇంకో గొంతు. తర్వాత దుర్గ. గొంతు కాస్త సన్నగా ఉంది గానీ నిలకడగానే ఉంది. ఆ పెద్దాయన చెబుతున్నాడు, ఇది అప్పజెబుతోంది. అలా చాలాసేపు నడిచింది. నాకు కునుకు పట్టింది కూడా.

ఉన్నట్టుండి ఆ పెద్దాయన గొంతు వేగం పెరిగింది. లైన్లో రద్దీ ఎక్కువైందట, సాయిబాబు తర్వాత చెప్పాడు. గబగబా ఒక పొడుగాటి మాట అని ఆపాడు.

దుర్గ మాట్లాడలేదు.

ఇంగ్లీషు రాకపోతేనేం, ఆ మౌనం నాకు తెలుసు. మేడమ్ మాట ముగిసాక, నేను జేన్ అనడానికి ముందు, వంటింట్లో ఉండేది అదే మౌనం. సాయిబాబు నా చెయ్యి పట్టుకున్నాడు. వాడికీ తెలుసు. కెప్టెన్ కట్టుకున్న చేతులు విప్పాడు.

స్పీకర్లో, "సే ఎగైన్," అంది దుర్గ.

పెద్దాయన మళ్ళీ అన్నాడు. విసుగు అన్ని భాషల్లోనూ ఒకటే. మొదటికంటే ఇంకా వేగంగా అన్నాడు. లైన్లో ఎవడో పిల్లాడు ఉఫ్ఫని ఊపిరి వదిలాడు. అందరూ విన్నారు.

"సే ఎగైన్." దుర్గ మళ్ళీ అంది. తర్వాత ఇంకేదో చేర్చింది. నెమ్మదిగా చెప్పమని అడిగిందట.

తర్వాత ఆ పెద్దాయన, చిన్నపిల్లలకి అన్నం ముద్దలు కలిపి పెట్టినట్టు, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు. దుర్గ మొత్తం అప్పజెప్పింది. ఆయన ఒక పొట్టి మాట అన్నాడు, సరిగ్గా ఉందనట. కెప్టెన్ తల ఊపి, కాగితం మీద ఏదో గీసుకుని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

"అయిపోయిందా?" అన్నాను.

"ఉంచుతారు," అన్నాడు సాయిబాబు. "విమానం ఇంకా దిగాలి గానీ, ఉంచుతారు."

వాడు ముక్కు చీదుకున్నాడు. దుమ్మంట. ఏసీ గదిలో దుమ్మేంటో.

బయటికొచ్చిన పిల్లని ఎవరూ ఎత్తుకుని తిప్పలేదు. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయట, నిజం విమానం ఎక్కేది ఎప్పుడో. హెడ్‌సెట్ నొక్కుకుపోయి జుట్టు మధ్యలో గాడి పడింది. కారు వెనక సీట్లో నా పక్కన కూలబడి, బెల్టు పెట్టుకోకముందే తల నా భుజం మీద వాల్చేసింది. నేనే పెట్టాను బెల్టు.

"తిట్టాడా ఆయన?" అని అడిగాను.

"నీ అంత కాదు," అంది కళ్ళు మూసుకునే.

రిఫా దారి పట్టేసరికి నా ఫోను మోగింది. మేడమ్. గబగబా ఏదో చెప్పింది, మధ్యలో ఇంకెవరితోనో మాట్లాడింది, మళ్ళీ నాతో ఏదో అంది. రేపు అన్న మాట ఒక్కటే నాకు అందింది.

"జేన్ మేడమ్," అన్నాను. పెట్టేసింది.

నిద్రలో ఉందనుకున్న పిల్ల కళ్ళు తెరిచింది. "ఏం చెప్పింది?"

"ఏమో."

"మళ్ళీ చెప్పమనొచ్చు కదా మామ్మా."

"నువ్వు అడుగుదువు గానిలే, నీకు ఇప్పుడు అలవాటైంది కదా. నాకు రేపు వెళ్తే తెలుస్తుంది. పడుకో."

అది నా చేతిలోంచి ఫోను తీసుకుంది. మేడమ్ నంబరు వెతికి, నొక్కబోయి, నా మొహం వంక చూసింది. నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. కాసేపు ఫోను అలాగే పట్టుకుని, నా ఒళ్ళో పెట్టేసి, మళ్ళీ భుజం మీద తల వాల్చింది. ముందు సీట్లోంచి సాయిబాబు, "అమ్మా, రేపు పొద్దున్నే దింపాలా?" అన్నాడు.

"ఆయ్," అన్నాను.