కొలంబరు మెడలో గంటలు

పోయిన నెల నా మనవరాలికి లైసెన్సు వచ్చింది, పోయిన వారం కారు వచ్చింది. కొత్తదేం కాదులెండి. నమాకాలో ఎవరో టాక్సీగా తిప్పి తిప్పి వదిలించుకున్నది. ఎడమ పక్క తలుపు లోపల్నించి తీస్తేగాని రాదు, హారను కొడితే పిల్లి దగ్గినట్టుంటుంది. అయినా ముచ్చట ముచ్చటే కదా. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాను, కొబ్బరికాయ కొట్టించాను, అద్దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టాను. "ఆజీ, రా, బా టౌను దాకా వెళ్ళొద్దాం" అని నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది. కారు కదిలిందో లేదో, నా ముఖం ముందు గణగణమని చప్పుడు. చూద్దును కదా, నా ట్రంకుపెట్టె అడుగున ఉండాల్సిన ఇత్తడి గంట, ఎర్ర రిబ్బను కట్టుకుని అద్దానికి వేలాడుతోంది! "ముందు దాన్ని తియ్యవే!" అని కేకేశాను. పిల్ల నేను కారుకి భయపడ్డాననుకుంది. "నై డరో, ఆజీ" అని నవ్వింది. మా ఇంట్లో పిల్లలకి తెలుగు భజనలో పాడేటప్పుడే. ధైర్యం చెప్పాలన్నా దెబ్బలాడాలన్నా హిందీయే. భయమా, నాకా? మా ఊరు ఈ లోవులో బండి పగ్గం పట్టిన మొట్టమొదటి ఆడదాన్ని నేను. ఆ మాట అంటే నమ్మలేదు. అందుకని దారి పొడుగునా కథంతా చెప్పాల్సొచ్చింది. మీరూ వినండి, పోయేదేముంది.

మా నాన్నకి విశాఖపట్నం అవతల ఒక పల్లెలో బాడుగ బండి ఉండేది. తను తలకి నూనె రాసుకోకపోయినా, ఎద్దుల మెడ గంటలు మాత్రం చింతపండు పెట్టి తళతళా తోమేవాడు. పొద్దుగూకే వేళ ఆ గంటల చప్పుడు ఊరి చివర వినిపిస్తే మా అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. నాన్న పోయాడు, బండి పోయింది, గంటల పట్టెడలు రెండూ నా పాలబడ్డాయి. నేనూ మా ఆయనా గిర్మిట్‌కి, అదే ఐదేళ్ళ కూలి ఒప్పందానికి, వేలిముద్ర వేసి ఈ చెరకు దీవికి ఓడెక్కేటప్పుడు నా మూటలో రెండు చీరలూ, ఈ పట్టెడలూ. ఓడరేవు డిపోలో గుమాస్తా మూట విప్పి చూసి, "ఏమ్మా, ఓడకి ఎద్దుల్ని కట్టి లాగిస్తావా?" అని పగలబడి నవ్వాడు. నవ్వనీ. ఐదేళ్ళు ఎస్టేటు కూలి లైన్లలో మా గది మూల అవి మూగగా పడున్నాయి. దిగులు పుట్టినప్పుడు తీసి ఒక్కసారి ఊపేదాన్ని. నాన్న వస్తున్నట్టే ఉండేది. కాసేపు ఏడ్చి, మళ్ళీ మూటలో పెట్టేసేదాన్ని.

గిర్మిట్ తీరాక లోవులో కౌలుకి కాస్త నేల దొరికింది. మా ఆయన ఒక పాత బండీ, ఎద్దుల జతా కొనుక్కొచ్చాడు. ఒకటి కుర్రది, ఒంటి నిండా పొగరు. దానికి చిన్నోడని పేరు పెట్టాం. రెండోది తెల్లగా కొండలా ఉండేది. ఎస్టేటులో ఏళ్ళ తరబడి చెరకు లాగి లాగి, ముసలిదైందని వాళ్ళు అమ్మేసినది. అంటే అదీ మాలాగే గిర్మిట్ చేసి బయటపడ్డదే! కానీ దాని దర్జా చూడాలి. పనికి అందరికంటే ఆలస్యం, మేతకి అందరికంటే ముందు. మన వంక చూస్తే ఏదో తప్పు పట్టినట్టే చూపు. లైన్లలో మా మీద పెత్తనం చేసే తెల్లదొరని కొలంబరు అనేవాళ్ళం, అచ్చం అతని పోలికే. అందుకని ఎద్దుకి కొలంబరని పేరు ఖాయమైపోయింది. "నడవరా కొలంబరూ!" అని అదిలిస్తుంటే ఐదేళ్ళ కసి తీరినట్టుండేది. "ఒసే, నిజం కొలంబరు గుర్రమ్మీద ఎదురొస్తే మటుకు నోరు మూసుకో" అని మా ఆయన రోజుకొకసారి హెచ్చరించేవాడు.

మా సొంత చెరకు మొదటి కోత ఒక ఆదివారం మొదలుపెట్టాం. ఆ రోజే మా ఆయన చేతిలో కత్తి జారి కుడి పాదమ్మీద పడింది. సాయానికి మా ఓడ అన్నయ్య వచ్చి ఉన్నాడు కాబట్టి సరిపోయింది. ఓడ అన్నయ్యంటే మాతోపాటు అదే ఓడలో వచ్చినవాడు. ఇక్కడ మనకి రక్తసంబంధం ఎక్కణ్ణించి వస్తుందండీ? ఒకే ఓడలో వాంతులు చేసుకున్నవాళ్ళంతా చుట్టాలే. అతను ఎస్టేటులో ఎడ్లబండి తోలేవాడు. మా ఆయన్ని గడ్డి మీద పడుకోబెట్టి ఆగమేఘాల మీద లౌటోకా ఆసుపత్రికి తోలుకుపోయాడు. డాక్టరు కుట్లు వేసి, మూడు రోజులకోసారి తీసుకొచ్చి కట్టు మార్పించాలనీ, మానేస్తే చీము పట్టి మోకాలి దాకా తీసెయ్యాల్సొస్తుందనీ చెప్పాడు. తిరిగొస్తూ మా ఆయన ఒకటే మాట అన్నాడు: "కాలు లేనివాడికి నేలెందుకే." అంత నవ్వించే మనిషి నోట ఆ మాట!

అన్నయ్యకి ఆదివారం తప్ప సెలవు లేదు. ఇరుగుపొరుగంతా కోతల్లో మునిగున్నారు. మళ్ళీ ఆసుపత్రికి బుధవారం వెళ్ళాలి. "నేను తోలతాను" అన్నాను. అన్నయ్య నన్నూ కొలంబరునీ మార్చి మార్చి చూసి, "సరే చెల్లెమ్మా, రెండు సాయంత్రాలున్నాయి" అన్నాడు.

మొదటి సాయంత్రం నన్ను బండే ఎక్కనివ్వలేదు. ముకుతాళ్ళు పట్టుకుని ఎద్దుల ముందు నడవమన్నాడు. నా వాసన వాటికి తెలియాలట, వాటి అడుగు నాకు తెలియాలట. రెండో సాయంత్రం పగ్గాలిచ్చాడు. ఎడమ పగ్గం లాగితే ఎడమకి, కుడిది లాగితే కుడికి. చెప్పడానికి సులువే. నేను రెండూ కలిపి లాగి, పక్కింటివాళ్ళ చిక్కుడుపందిరి మీదికి తీసుకుపోయాను. పక్కింటావిడ నడుం మీద చేతులేసుకుని, "ఆడది పగ్గం పడితే ఇక మొగుళ్ళు పొయ్యి ఊదాలి కాబోలు" అంది. "మీ ఆయన్ని పంపించు వదినా, ఊదడం కూడా నేర్పిస్తాను" అన్నాను. అన్నయ్య ఎద్దుల్ని రోడ్డు మీదికి మళ్ళించి పాఠం మొదలుపెట్టాడు. ఎప్పుడూ ఎడమ పక్కనే ఉండాలి, దిగుడులో ఎద్దుల్ని కొట్టకూడదు, ఎదురుగా గుర్రమొస్తే తప్పు నీది కాకపోయినా నువ్వే తప్పుకోవాలి. ఇలా ఒక్కొక్కటే చెప్పి, చివర్లో చెరకురైలు సంగతి చెప్పాడు. లౌటోకా దారిలో ఒకచోట మిల్లు రైలు పట్టాలు అడ్డంగా పోతాయి. "అక్కడ రెండు పక్కలా చెరకు మనిషికంటే ఎత్తు. కళ్ళు పనిచెయ్యవు చెల్లెమ్మా, చెవులే కళ్ళు. ఆగు, దిగు, విను. తరవాతే దాటు."

అంతా బుద్ధిగా తలూపి, బుధవారం పొద్దున్నే నేను చేసిన మొదటి పనేమిటో తెలుసా? పెట్టెలోంచి నాన్న గంటలు తీసి, చింతపండేసి తోమి, ఎద్దుల మెడలకి కట్టడం! అన్నయ్య పనికి పోతూ పోతూ చూసి ఆగాడు. "అవి తీసెయ్. ఇక్కడ ఎద్దులకి గంటలు కట్టరు" అన్నాడు. నేను వింటానా? "బోసిమెడలతో ఎద్దుల్ని రోడ్డెక్కించడం మా ఇంటావంటా లేదు. గంటలుంటే దిష్టి తగలదు, ఎదుటివాడు విని తప్పుకుంటాడు" అని చేతులు తిప్పుతూ వాదించాను. "ఎదుటివాడు మనిషైతే తప్పుకుంటాడు. ఇంజను తప్పుకోదు" అని మాత్రం అని, పనికి ఆలస్యమవుతుందని వెళ్ళిపోయాడు. దిష్టీ గిష్టీ అన్నీ పైమాటలే లెండి. సముద్రం దాటి ఇంత దూరం వచ్చాక ఒక్కసారి మా నాన్న బండిలో కూర్చోవాలనిపించింది, అంతే.

బుధవారం గడిచింది, శనివారం గడిచింది. గణగణమంటూ పోయాం, గణగణమంటూ వచ్చాం. రోడ్డు మీద జనం నిలబడి చూస్తుంటే నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఒక్కటే చిరాకు: పట్టాలు వచ్చేసరికి కొలంబరు ఠక్కున ఆగిపోయేవాడు. నేనూ దిగి, విన్నట్టు నటించేదాన్ని. ఎద్దులు ఈగలకి తలలాడిస్తుంటే గంటల మోత తప్ప ఏమీ వినపడేది కాదు. వినపడలేదు కాబట్టి ఏమీ రావట్లేదని నా లెక్క! ఎక్కి రెండు తగిలిస్తే కొలంబరు మూలుగుతూ కదిలేవాడు. సోమరిపోతని తిట్టుకునేదాన్ని.

మూడోసారి వెళ్ళేటప్పటికి బాగా ఆలస్యమైంది. మధ్యాహ్నం దాటితే డాక్టరు ఉండడు. వెనకాల గడ్డి మీద మా ఆయన పళ్ళు బిగబట్టి పడుకున్నాడు, కట్టులోంచి వాసన కూడా మొదలైంది. పట్టాల దగ్గర కొలంబరు మామూలుగా ఆగాడు. నేను దిగలేదు. చెర్నాకోలతో చెళ్ళున కొట్టాను. చిన్నోడు ముందుకి గుంజి ముందుకాళ్ళు పట్టాల మీద పెట్టాడు. కొలంబరు నా వంక ఒక చూపు చూసి, కాడి మెడ మీద ఉండగానే మోకాళ్ళు ముడిచి రోడ్డు మధ్య కూలబడ్డాడు! మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, ఇక ఎద్దు సంగతి చెప్పాలా? నాకు ఒళ్ళు మండిపోయింది. కిందికి దూకి, నోటికొచ్చిన తిట్లన్నీ తిడుతూ, లేవదీద్దామని రెండు చేతులా వాడి మెడలోని గంటల పట్టెడ పట్టుకున్నాను. గంటలు నా గుప్పిట్లో మూగబోయాయి. చిన్నోడు కూడా ఆ క్షణంలో తల కదపలేదు. అప్పుడు వినపడింది కూత. ఎక్కడో దూరాన కాదు, చెరకు తోట అవతలే. కాళ్ళ కింద నేల అదురుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క ఉదుటున చిన్నోడి ముకుతాడు అందుకుని, ఒంట్లో సత్తువంతా పెట్టి వెనక్కి లాగాను. ఆ కాళ్ళు పట్టాలు దిగాయో లేదో, నల్లటి ఇంజను మా ముందు నుంచి దూసుకుపోయింది. వెనకే చెరకు పెట్టెలు, ఒకటీ రెండూ కాదు, ఎంతకీ తెగవు. ఇంజను మీది మనిషి చెయ్యి ఊపుతూ ఏదో తిట్టాడు. ఆ తిట్లకి నేను అన్నివిధాలా అర్హురాలినే.

రైలు పోయాక రోడ్డు మీదే కూలబడి, కొలంబరు కాళ్ళు పట్టుకుని భోరుమన్నాను. "తప్పయిపోయిందిరా నాయనా, నువ్వు సోమరివి కాదురా" అని ఏడుస్తుంటే వాడు తాపీగా నెమరేస్తున్నాడు. ఎస్టేటులో అన్నేళ్ళు ప్రతి పట్టా దగ్గరా ఆగి ఆగి నేర్చుకున్న చదువు వాడిది. నాకు మూడు ప్రయాణాల్లో వచ్చిన పొగరు. బండిలోంచి మా ఆయన తల ఎత్తి చూశాడు. ముఖం పాలిపోయి ఉంది, అయినా ఏమన్నాడో వినండి: "ఐదేళ్ళలో ఏ కొలంబరు కాళ్ళూ పట్టుకోలేదే నువ్వు! ఇవాళ పట్టుకున్నావా?" ఏడుస్తూనే నవ్వాను. బతికుంటే బలుసాకు తినొచ్చు, పదమన్నాను. డాక్టరు అప్పుడే టోపీ పెట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి మళ్ళీ తీశాడు.

ఆ తరవాత గంటలు తీసెయ్యలేదు, అబద్ధమెందుకు చెప్పాలి. మనసొప్పలేదు. కాకపోతే పట్టాల దగ్గర ఆగి, దిగి, రెండు ఎద్దుల మధ్యా నిలబడి, ఈ చేత్తో ఒక పట్టెడ, ఆ చేత్తో ఒక పట్టెడ గట్టిగా పట్టుకుని, నూరు లెక్కపెట్టేదాకా వినేదాన్ని. చూసినవాళ్ళు ఎద్దుల్ని కౌగిలించుకునే ఆవిడని పేరు పెట్టారు. మా ఆయనకి చిటికెనవేలు పోయింది, కాలు దక్కింది. చెరకు ఇంకా ఎన్నో కోతలు కోశాడు. మరుసటి ఏడాది పక్కింటావిడే వచ్చి, "వదినా, నాకూ పగ్గం పట్టడం నేర్పవా" అని గొణిగింది. తోలడం తరవాత, ముందు ఆగడం నేర్చుకోమని కొలంబరు దగ్గరికే పంపాను. చిక్కుడుపందిరి మాత్రం ఎవరిదీ మిగల్లేదు.

ఇదంతా చెప్పేసరికి బా వెళ్ళి రావడం కూడా అయిపోయింది. "అయితే గంట తీసెయ్యనా ఆజీ?" అంది పిల్ల, ముఖం చిన్నబుచ్చుకుని. అంత కథ చెప్పినదాన్ని, తియ్యమనడానికి నాకే నోరు రాలేదు. "ఉండనీలే" అన్నాను.

నిన్న ఇద్దరం లౌటోకా బయల్దేరాం. ఆ పట్టాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ఆ చెరకూ అంతే ఎత్తుంది. నేను చెబుదామని నోరు తెరిచేలోపే పిల్ల కారు ఆపింది. ఇంజను కట్టేసింది, అద్దం దించింది, చెయ్యి చాపి గంటని గుప్పిట్లో పట్టుకుంది. వెనక బస్సువాడు హారను మోగించాడు. చెయ్యి బయటపెట్టి ఆగమంది గాని, గుప్పిట విప్పలేదు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి, లెక్కపెడుతోంది. ఏ రైలూ రాలేదు. చెరకాకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్నా, మా ఆయనా, అన్నయ్యా, కొలంబరూ ఎప్పుడో దాటిపోయారు, నా వంతూ ఎంతో దూరంలో లేదు. అయినా నేను పుట్టిన ఊరు చూడని ఈ పిల్ల మా నాన్న గంటని పట్టుకుని ఇక్కడ ఇలా ఆగి వింటున్నంతకాలం, పోయినవాళ్ళు మరీ అంత దూరం పోలేదనే అనిపిస్తుంది.