చిన్న ఆంప్లిఫయరే మేలనుకున్నాను

మొన్నటి ఆదివారం, కోటగిరి దగ్గర మా అక్క వాళ్ల చర్చిలో కోత పండుగ జరుగుతుండగా, మా మేనల్లుడు కొత్తగా కొన్న బేస్ బాక్సును నా చేతులారా కాల్చేశాను. కాల్చింది నేనేనని వెంటనే ఒప్పుకోకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. అది ఎట్లా కాలిందో నాకు ఇప్పటికీ పూర్తిగా అంతుపట్టలేదు. మైక్ సెట్ల కాలం చూసినవారు మీలో ఉంటే నా అయోమయం అర్థమవుతుంది.

పెళ్లికి ముందు నేను బోధన్‌లో ఒక ఉస్తాద్ దగ్గర ఆ పని నేర్చుకున్నాను. చెరకు సీజన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ముందు బండ్లు కనుచూపు మేర బారులు తీరితే, వేప కొమ్మకు హారన్ కట్టి, ఏ ఊరి బండ్లు కాంటా మీదికి రావాలో పిలిచేది మా సెట్టే. ఆ గొంతుకు ఎద్దులు కూడా అలవాటుపడి, తమ ఊరి పేరు వినగానే మెడలు ఎత్తేవని రైతులు నవ్వేవారు. ఒక ఏడు ఉస్తాద్ మోజుపడి పెద్ద ఆంప్లిఫయర్ తెచ్చి తగిలిస్తే హారన్ వెనకాల శబ్దం పుట్టించే యూనిట్ టప్పున పోయింది. సాయంత్రం దాకా పాపం ఆయన సొంత గొంతుతోనే బండ్లను పిలిచాడు. ఆంప్లిఫయర్ ఎప్పుడూ వాట్లలో స్పీకర్ కన్నా చిన్నగా ఉండాలని ఆ రోజు ఆయన బొంగురుపోయిన గొంతుతో చెప్పిన మాట నాలో బైబిల్ వాక్యంలా నిలిచిపోయింది.

అందుకే మూడు వందల వాట్ల బాక్సుకు అల్లుడు ఐదు వందల వాట్ల ఆంప్లిఫయర్ తగిలించడం చూసి ఇదీ కాలుతుందనుకున్నాను. పసుపు కొమ్ములు, వరి పనలు మోసుకురావడానికి అతడు బయటికి పోగానే దాన్ని విప్పి, చర్చిలో ఉన్న రెండు వందల యాభై వాట్ల పాతదాన్ని కలిపాను. పాటలు మొదలయ్యాక బేస్ చాలదనిపించి వాల్యూమ్ గుండీ చివరిదాకా తిప్పాను. ముందు గరగరమంది, తర్వాత వార్నిష్ కాలిన వాసన వచ్చింది, ఆ వెంటనే బాక్సు మూగబోయింది. పెద్దది పెడితే కాలాలి గానీ, చిన్నదానితో కాలడమేమిటి?

సంఘ పెద్ద కూతురి పెళ్లి బుధవారం చందూర్‌లో ఉంది. వ్యవసాయం చేసుకుంటూనే సౌండ్ సర్వీస్ మొదలుపెట్టిన మా అల్లుడికి అదే మొదటి పెద్ద పని. పెద్దాయన ముక్కు మూసుకొని, "ఏం రా, సౌండ్ పెట్టుమంటే సాంబ్రాణి ఏసినవా? పెండ్లికి నిజామాబాదోళ్లను పిలుస్త తియ్" అనగానే అందరూ నవ్వారు. అల్లుడు పాత ఆంప్లిఫయర్‌ను చూశాడు, నన్ను చూశాడు, తల దించుకున్నాడు. నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

బయట చెట్టు నీడన అతడే నాకు నచ్చజెప్పాడు.

"మామా, చిన్నదాన్ని తాకత్‌కు మించి ఒర్రిపిస్తే దాని గొంతు పగుల్తది. గా పగిలిన సౌండే స్పీకర్ లోపలి కాయిల్‌ను కాలుస్తది. పెద్దది పెట్టి గుండీ సగంల ఉంచితే నిమ్మళంగ పాడుతది."

"మరి మా ఉస్తాద్ హారన్ పెద్దదానితోనే కాలె గదరా?"

"గుండీ ఎంత తిప్పిండో ఎవలకెరుక!"

అంటే చిన్నదైనా కాలుస్తుంది, పెద్దదైనా కాలుస్తుంది. మరి ఇన్నేళ్లుగా నేను పట్టుకు వేలాడిన సూత్రం ఏమైనట్టు? ఆలోచించిన కొద్దీ తల తిరిగింది గానీ, ఒక్క సంగతి మాత్రం తేటగా కనిపించింది. కాల్చింది నా చేయి, మాటలు పడింది అల్లుడు.

కానుకగా వచ్చిన పంట వేలం మొదలై, గుమ్మడికాయ వేలంపాట నడుస్తుండగా లేచి చర్చి మైకు అడిగి తీసుకున్నాను. మా అల్లుడి సామాను మంచిదేననీ, అతడికి చెప్పకుండా మార్చి పాడుచేసింది నేనేననీ అందరి ముందూ చెప్పాను. పెద్దాయన నా వైపు తిరిగి, "సరే, బుధారం లోపట బాగుచేయించుకొని రా. పనిజేస్తే నీ అల్లుడే పెడుతడు" అన్నాడు. వెనక నుంచి మా అక్క, "తమ్మీ, ఇగ ఆ గుండీ ముట్టకు!" అని అరిచింది.

మర్నాడు ఆ స్పీకర్‌ను ఒళ్లో పెట్టుకొని బస్సులో నిజామాబాద్ పోయి, కాయిల్ మార్చేదాకా దుకాణం ముందే కూర్చున్నాను. ఒకప్పుడు ఒక్క హారన్ గొంతుతో ఎన్ని ఊళ్ల బండ్లు కదిలేవి! ఇప్పుడు ఇంటింటికీ ఒక పెద్ద డబ్బా ఉంది, మోత కడుపులో దాకా తగులుతుంది, పిలిచే పేరు మాత్రం వినపడదు. లోకం మారిందో, నా చెవులే పాతబడ్డాయో తేల్చుకోలేకపోయాను.

బుధవారం చందూర్‌లో బాక్సు కమ్మగా మోగింది. పందిట్లో నేను వైర్లు చుడుతుంటే, ఈ పెద్దమనిషి ఎవరని పెళ్లివారొకరు అడిగారు.

"మా మామ," అన్నాడు అల్లుడు. "మొన్ననే నా దగ్గర పనిల చేరిండు."

నేను అవునన్నట్టు తల ఊపి, తర్వాతి వైరు అందుకున్నాను.